చెరకు పుల్లకు కోడి కబాబు... పక్కన బగారా అన్నం!

బొగ్గుల మీద చిటపటలాడే కోడి ముక్క. దాన్ని ఆనుకుని అంచులు ఎర్రబడ్డ అనాస ముక్క. పైన బెల్లం పాకం నిగనిగ. పక్కన పొగలు కక్కే బగారా అన్నం. ఎక్కడో సముద్రం మధ్య దీవుల్లో తినే తిండి అనుకుంటున్నారా? కావలసిన సరుకంతా నిజామాబాద్ మార్కెట్‌లో ఒక్క గంటలో దొరుకుతుంది. పుల్లలు మాత్రం బోధన్ వైపు నుంచి తెప్పించుకోవాలి. ఎందుకంటే అవి చెరకు పుల్లలు!

నిప్పుల మీద కాల్చుకు తినడం ఇందూరు జిల్లాకు కొత్త కాదు. ఆర్మూర్ దగ్గర్లోని అంకాపూర్ మీదుగా వెళ్లేవాళ్లు జాతీయ రహదారి పక్కన బండి ఆపకుండా ముందుకు కదలరు. అక్కడ బొగ్గుల మీద కాలుతున్న మక్క బుట్టల వాసన అలాంటిది మరి. ఆ ఊరి నాటుకోడి కూర పేరు హైదరాబాద్ దాకా పాకింది. బోధన్‌లోనూ, నిజామాబాద్ పాత బస్తీలోనూ రంజాన్ నెల సాయంత్రాలైతే చెప్పనే అక్కర్లేదు. వీధి వీధినా సీఖ్ కబాబుల పొగే!

పారశీకంలో 'సీఖ్' అంటే ఇనుప ఊచ. తురుష్కుల భాషలో అదే 'షిష్'. మాంసాన్ని ఊచకు గుచ్చి కాల్చే పద్ధతి మాత్రం ఆ మాటలకంటే ముందు నుంచే మన దగ్గర ఉంది. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన 'మానసోల్లాస' గ్రంథంలో 'భడిత్రకం' అనే వంటకం వస్తుంది. మసాలా పట్టించిన మాంసం ముక్కల్ని ఊచకు గుచ్చి నిప్పుల మీద కాల్చడమే అది. ఆ కాలంలో బోధన్ కూడా కల్యాణి చాళుక్యుల ఏలుబడిలోదే. అంటే, ఈ నేలకు కబాబు పరాయిది కాదన్నమాట.

మరి కొత్తదేమిటి? ఊచ మీద మాంసం ముక్క పక్కన పండు ముక్క వచ్చి చేరడం. ఆ జోడీ వెనక ఓ కథ ఉంది. విచిత్రమేమిటంటే అది కూడా ఓ చక్కెర నేల కథే.

రెండు చక్కెర నేలలు

పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న హవాయి దీవుల్లో చెరకు తోటలు వేసిన యజమానులకు కూలీలు చాల్లేదు. చైనా, జపాన్, పోర్చుగల్, ఫిలిప్పీన్స్... ఇలా దేశదేశాల నుంచి మనుషుల్ని రప్పించారు. 1885 నుంచి జపాన్ కూలీలు ఒప్పందాల మీద ఓడల్లో దిగారు. వాళ్లు తమ సోయా సాస్ తెచ్చుకున్నారు. తోటలో చక్కెర ఎలాగూ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అనాస తోటలూ పెద్ద ఎత్తున వచ్చాయి. ఉప్పదనం, తీపి, పులుపు, పొగ వాసన... నాలుగూ ఒక పుల్ల మీద కలిశాయి. ఇవాళ 'ట్రాపికల్ కబాబ్' పేరుతో పెద్ద హోటళ్ల మెనూల్లో కనిపించే వంటకం వెనక ఉన్నది ఆ కూలీల పొయ్యిలే.

ఇక మన చక్కెర నేల సంగతి చూడండి. మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. కాల్వల్లో నీళ్లు పారేసరికి బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ పొలాలు పచ్చబడ్డాయి. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి భూములు కొని స్థిరపడ్డాయి. ఊరి పేరు చివర 'క్యాంపు' అని ఇప్పటికీ వినబడుతుందే... అవన్నీ అలా వెలిసినవే.

ఆ నీళ్లను, ఆ చెరకును నమ్ముకుని 1937లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారమని దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. దాని చుట్టూ వెలిసిన కాలనీ పేరే శక్కర్‌నగర్... అంటే చక్కెర ఊరు! అక్కడ ఉర్దూ, తెలుగు, మరాఠీ, హిందీ మాట్లాడే కుటుంబాలు పక్కపక్కనే బతికాయి. ఓ ఇంట్లో బగారా ఉడికితే, పక్కింట్లో పులిహోర కలిపేవారు. ఇంకో ఇంట్లో జొన్న రొట్టె కాలేది. పండగొస్తే గిన్నెలు గోడలు దాటేవి.

తర్వాత జరిగింది జిల్లాలో అందరికీ తెలిసిందే. 2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. గానుగ ఆగింది. వందలాది కార్మిక కుటుంబాలు జీతాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. చాలామంది రైతులు చెరకు మాని వరికి మళ్లారు. మిగిలినవాళ్లు పంటను లారీల కెత్తి దూరపు మిల్లులకు పంపాల్సి వచ్చింది. ఫ్యాక్టరీని తెరిపించే దారి చూడమని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఓ కమిటీ కూడా వేసింది.

సరిగ్గా మన గానుగ ఆగిన ఏడాదికి, 2016 డిసెంబరులో, హవాయిలోనూ చిట్టచివరి చక్కెర మిల్లు మూతపడింది. అక్కడి మావీ దీవిలో నూట నలభై ఏళ్లకు పైగా సాగిన చెరకు సేద్యం అలా ముగిసింది. వేల మైళ్ల దూరంలోని రెండు నేలలు... ఒకటే తీపి, ఒకటే చేదు! వాళ్లకు మిల్లు పోయినా ఆ పుల్ల మీది రుచి మిగిలింది. మనకేం మిగలాలన్నది మన వంటింటి చేతిలో కూడా కాస్త ఉంది.

గల్ఫ్ నుంచి వచ్చిన వాసన

ఈ జిల్లాలో కాల్చిన మాంసానికి ఇంకో దారి కూడా ఉంది. అది విమానాల దారి. దుబాయ్, మస్కట్, దోహా, కువైట్... ఎక్కడో ఓ చోట తమవాళ్లు లేని ఊరు నిజామాబాద్ పల్లెల్లో అరుదు. రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు మీద వచ్చే నాన్న ఖర్జూరాలు, సబ్బులు, సెంటు సీసాలతో పాటు ఓ రుచిని కూడా మోసుకొస్తాడు. పెరుగు, వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి ఊచకు గుచ్చి కాల్చిన కోడి ముక్కలు... 'షిష్ తావూక్' అంటారు అక్కడ. కూలీల క్యాంపుల్లో శుక్రవారం సెలవు పూట నలుగురు కలిసి వండుకునే తిండి.

అందుకే చాలా ఇళ్లలో ఆ నలభై రోజుల్లో ఒక్క సాయంత్రమైనా మేడ మీద బొగ్గులు రాజుకుంటాయి. ఏడాదంతా అమ్మ చేతి వంట తిన్న పిల్లలకు నాన్న విసనకర్ర పట్టుకుని నిప్పులు విసురుతుంటే అదో పండగ. వంట బాగా కుదిరిందా లేదా అన్నది తర్వాత మాట. నాన్న పక్కన కూర్చుని పుల్ల తిప్పాం కదా... అదే వాళ్లకు గుర్తుండిపోతుంది.

వలస వెళ్లినవాళ్లే ప్రపంచానికి ఈ వంటలు నేర్పారు. మెక్సికోకు వెళ్లిన లెబనాన్ జనం తమ షవర్మా ఊచను అక్కడ నిలబెట్టారు. మెక్సికో వాళ్లు దాని నెత్తిన ఓ అనాస పండు పెట్టారు. అదే 'టాకోస్ అల్ పాస్తోర్'. ఇక వియత్నాంలో రొయ్యల ముద్దను చెరకు ముక్కకు పట్టించి కాలుస్తారు. తిన్నాక పుల్లను పారేయరు. హాయిగా నమిలి రసం పీల్చుకుంటారు. చెరకు పండే బోధన్‌కు ఇంతకంటే నప్పే పద్ధతి ఉంటుందా చెప్పండి!

పండు, మాంసం కలిస్తే...

పచ్చి అనాసలో 'బ్రొమెలైన్' అనే ఎంజైము ఉంటుంది. అది మాంసంలోని ప్రొటీన్లను విడగొట్టి ముక్కను మెత్తబరుస్తుంది. మన కబాబుల్లో పచ్చి బొప్పాయి గుజ్జు వేసేది కూడా ఇందుకే. అందులో ఉండేది 'పపైన్'. అయితే ఇక్కడే ఓ చిక్కు. ఎక్కువసేపు ఉంచితే ముక్క మెత్తబడటం కాదు, పిండిలా జావైపోతుంది. కాబట్టి అనాస రసాన్ని కోడి ముక్కలకు పట్టిస్తే అరగంట మించి ఉంచకండి. డబ్బాలో వచ్చే అనాసను ముందే వేడి చేసి ఉంటారు కనుక దానికి మెత్తబరిచే గుణం ఉండదు. రుచి కోసమైతే పర్లేదు.

ఇక కాలిన పండు ఎందుకంత తియ్యగా ఉంటుందంటారా? నిప్పుల వేడికి పండులోని నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది. అంచుల్లో చక్కెర ఎర్రబడి కమ్మని వాసన వస్తుంది. మాంసం ముక్క మీద ఎర్రటి పొర కట్టడం మాత్రం వేరే సంగతి. అది ప్రొటీన్లు, చక్కెరలు కలిసి చేసే పని. 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మెయిలార్డ్ పేరే దానికి పెట్టారు.

అనాస మన జిల్లా పంట కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు మన దేశానికి తెచ్చిన పండు. ధర ఎక్కువగా ఉన్న రోజుల్లో దాని బదులు దోర జామకాయ వాడండి. జామ గట్టిగా ఉంటుంది, ఊచ మీద జారిపోదు, నిప్పుకు చక్కగా మగ్గుతుంది. వేసవిలో అయితే సగం పండిన మామిడి ముక్క... పులుపూ తీపీ రెండూ దానిలోనే!

చేద్దామా మరి?

(ఆరుగురికి)

కావలసినవి: ఎముకల్లేని కోడి తొడ మాంసం 1 కిలో, గట్టి పెరుగు 1 కప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద 2 టేబుల్ స్పూన్లు, పసుపు 1 టీ స్పూను, కారం 2 టీ స్పూన్లు, ధనియాల పొడి 2 టీ స్పూన్లు, గరం మసాలా 1 టీ స్పూను, నిమ్మకాయ 1, నూనె 3 టేబుల్ స్పూన్లు, ఉప్పు తగినంత. అనాస చిన్నది 1, దోర జామకాయలు 2, క్యాప్సికం 2, ఉల్లిగడ్డలు 3.

పాకానికి: బెల్లం 50 గ్రాములు, నిమ్మరసం 1 టేబుల్ స్పూను, మిరియాల పొడి అర టీ స్పూను, దంచిన ఎండుమిర్చి అర టీ స్పూను, చిటికెడు ఉప్పు.

పసుపు విషయంలో మాత్రం రాజీ పడొద్దు. దేశంలోని పెద్ద పసుపు మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. 2025లో ఏర్పాటైన జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం కూడా ఇక్కడే. ఇంట్లో దంచుకున్న కొమ్ముల పసుపైతే రంగు, వాసన రెండూ వేరు!

పుల్లలు: చెరకును జానెడు ముక్కలుగా కోసి చెక్కు తీయాలి. ఒక్కో ముక్కను నిలువుగా చీల్చి పెన్సిలంత మందాన పుల్లలు చేసుకోవాలి. ఒక కొనను కత్తితో ఏటవాలుగా చెక్కితే గుచ్చడానికి వీలుగా ఉంటుంది. అయినా చెరకు పుల్ల వెదురు పుల్లంత వాడిగా ఉండదు. కాబట్టి ముందు ఇనుప ఊచతో ముక్కకు రంధ్రం చేసి, ఆ తర్వాత చెరకు పుల్ల దూర్చాలి. చెరకు దొరకని రోజుల్లో వెదురు పుల్లలే తీసుకుని అరగంట నీళ్లలో నానబెట్టండి. లేకపోతే ముక్కకంటే ముందు పుల్ల కాలిపోతుంది.

చేసే విధానం: కోడి మాంసాన్ని అంగుళంన్నర ముక్కలుగా కోసి, పెరుగు, మసాలాలు, నిమ్మరసం, నూనె పట్టించి 3 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. పండ్లు, కూరగాయ ముక్కలు కూడా అదే పరిమాణంలో ఉండాలి. అప్పుడే అన్నీ ఒకే తీరుగా కాలతాయి. పుల్లకు కోడి ముక్క, అనాస, ఉల్లిగడ్డ, కోడి ముక్క, జామ, క్యాప్సికం... ఇలా వరసగా గుచ్చాలి. మరీ ఒత్తుగా గుచ్చితే మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. కాస్త సందు వదలండి.

పొయ్యికి పెద్ద హంగామా అక్కర్లేదు. రెండు వరసల ఇటుకలు, మధ్యలో బొగ్గులు, పైన ఇనుప జాలీ. బొగ్గులు ఎర్రగా మండుతున్నప్పుడు తొందరపడకండి. మంట తగ్గి, పైన తెల్లని బూడిద పొర కట్టాక అసలైన వేడి వస్తుంది. అప్పుడు పుల్లలు పేర్చి రెండు మూడు నిమిషాలకోసారి తిప్పుతూ 12 నుంచి 15 నిమిషాలు కాల్చాలి.

బెల్లంలో రెండు చెంచాల నీళ్లు పోసి కరిగించి, వడగట్టి, లేత పాకం రానివ్వాలి. అరిసెల పాకం పట్టిన చేతికి ఇదెంత పని! దించాక నిమ్మరసం, మిరియాలు, ఎండుమిర్చి, ఉప్పు కలపాలి. ఈ పాకాన్ని చివరి రెండు నిమిషాల్లో మాత్రమే రాయాలి. మొదట్లోనే రాస్తే బెల్లం మాడి చేదెక్కుతుంది. లోపల ముక్క పచ్చిగానే మిగిలిపోతుంది.

ఖీమాతో ఇంకో తీరు: అరకిలో మటన్ ఖీమాకు అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, పుదీనా, వేయించి పొడి చేసిన పుట్నాలు 3 చెంచాలు కలిపి బాగా మర్దించాలి. చేయి తడి చేసుకుని చెరకు పుల్ల చుట్టూ పట్టించి కాల్చాలి. తిన్నాక పిల్లలు పుల్ల నమలడం మొదలెడతారు. ఆపకండి!

జోడీగా బగారా

ఈ కబాబులకు బిర్యానీ పెట్టారో... రెండూ పోటీ పడతాయి. బగారా అయితే వెనక నిలబడి కబాబును ముందుకు నడిపిస్తుంది. తెలంగాణ పెళ్లి పందిట్లో మటన్ కూర పక్కన ఏళ్లుగా అది చేస్తున్న పని అదే కదా!

అరకిలో సన్నబియ్యాన్ని కడిగి అరగంట నానబెట్టాలి. మందపాటి గిన్నెలో నెయ్యి, నూనె చెరి రెండు చెంచాలు వేడి చేసి షాజీరా, 2 బిర్యానీ ఆకులు, 4 లవంగాలు, 3 యాలకులు, దాల్చిన చెక్క వేయాలి. సన్నగా తరిగిన 2 ఉల్లిగడ్డలు, చీల్చిన 5 పచ్చిమిర్చి వేసి ఎర్రగా వేగనివ్వాలి. చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, గుప్పెడు పుదీనా, కొత్తిమీర వేసి పచ్చి వాసన పోయాక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల లెక్కన నీళ్లు పోయాలి. బాస్మతి అయితే గ్లాసున్నర చాలు. ఉప్పు వేసి, ఎసరు మరిగాక బియ్యం వేయాలి. నీళ్లు ఇంకుతుండగా మూత పెట్టి సన్న సెగ మీద పది నిమిషాలు మగ్గనివ్వాలి. దించాక మరో పది నిమిషాలు కదిలించకూడదు.

కాస్త కొత్తదనం కావాలా? మిగిలిన అనాస ముక్కల్ని జాలీ మీద కాల్చి, సన్నగా తరిగి చివర్లో అన్నంలో కలపండి. పక్కన ఉల్లిగడ్డ చక్రాలు, పుదీనా పెరుగు చట్నీ. నచ్చితే ఓ గిన్నెడు పచ్చిపులుసు!

మేడ లేనివాళ్లకు, మాంసం తిననివాళ్లకు

అపార్టుమెంట్లో బొగ్గులు రాజేయడం కుదరదు. దోసె పెనం మీదే కొంచెం నూనె వేసి పుల్లల్ని తిప్పుతూ కాల్చుకోవచ్చు. పొగ వాసన కోసం కాల్చిన కబాబులను గిన్నెలో పెట్టి, మధ్యలో చిన్న స్టీలు గిన్నె ఉంచి, అందులో ఎర్రగా కాలిన బొగ్గు ముక్క వేయాలి. దాని మీద చెంచా నెయ్యి పోసి వెంటనే మూత పెట్టాలి. ఐదు నిమిషాలు చాలు. కిటికీలు మాత్రం తెరిచే ఉంచండి.

మాంసం తినని ఇళ్లలో పనీర్, ఉడికించిన చామగడ్డలు, పుట్టగొడుగులు, మక్క బుట్ట చక్రాలు ఇదే మసాలాతో చేసుకోవచ్చు. పనీరుకు అరగంట నానితే చాలు. కాల్చడానికి ఆరేడు నిమిషాలు. వాటికి జాలీ, పాత్ర విడిగా పెడితే ఒకే పొయ్యి దగ్గర ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు.

ఇవి మరవొద్దు

* కోడి ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరితేనే పూర్తిగా ఉడికినట్టు. థర్మామీటరు లేకపోతే పెద్ద ముక్క ఒకటి కోసి చూడండి. లోపల గులాబీ రంగు కనిపించకూడదు.

* పచ్చి మాంసం నానిన మసాలాను కాలిన ముక్కల మీద రాయొద్దు. పచ్చి మాంసం పెట్టిన పళ్లెంలోనే కాలినవి పెట్టొద్దు.

* మూసిన గదిలో బొగ్గులు ఎప్పుడూ వెలిగించకండి. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. చలికాలంలో మిగిలిన నిప్పుల కుంపటిని పడకగదిలోకి తేవడం అంతే ప్రమాదం.

* మాడిన భాగాన్ని గిల్లి పారేయండి. మరీ మాడిన మాంసంలో ఆరోగ్యానికి చెరుపు చేసే రసాయనాలు ఏర్పడతాయి. పెరుగు, నిమ్మరసం పట్టించి కాలిస్తే అవి తగ్గుతాయి.

* మధుమేహం ఉన్నవాళ్ల పుల్లలకు బెల్లం పాకం మానేసి నిమ్మరసం, మిరియాలతో సరిపెట్టండి.

చెరకు నరికే కాలం చలిరోజుల్లోనే మొదలవుతుంది. ఆ రోజుల్లో బోధన్, వర్ని, రుద్రూర్ వైపు వెళ్తే దారిలో ఎవరో ఒక రైతును అడిగి నాలుగు గడలు కొనండి. పిల్లల చేత మోయించండి. చక్కెర సంచిలో నుంచి రాదనీ, ఇదిగో ఈ గడలో నుంచి వస్తుందనీ, దాని కోసమే ఒకప్పుడు ఇక్కడ ఓ ఊరే వెలిసిందనీ చెప్పండి. కాల్చిన ముక్కలు తిన్నాక వాళ్ల చేతిలో మిగిలేది ఆ చెరకు పుల్లే. దాన్ని నములుతూ వింటారు లెండి!